పుండు ఎర్రబడితే మానినట్టేనా?

తుమ్మపాలలో ఒక చెరకు రైతుకు కుడి అరికాల్లో, బొటనవేలి మొదట్లో పుండు పడి ఐదు నెలలైంది. వయసు యాభై దాటింది, పన్నెండేళ్లుగా షుగరు ఉంది. చెరకు నరికిన మడిలో మోడు గుచ్చుకుంటే కాలికి తెలియలేదు. ఇంటికొచ్చి చెప్పు విడిచాక నెత్తురు చూసి ఇంట్లోవాళ్లే చెప్పారు. అప్పటి నుంచి కట్లు కడుతూనే ఉన్నారు. ఒంట్లోంచి రక్తం తీసి, అందులోని ప్లేట్‌లెట్లను వేరుచేసి పుండు మీద వేసే పీఆర్‌పీ వైద్యం గురించి ఎవరో చెప్పగా, చేయించాలా వద్దా అని ఆ కుటుంబం ఒకే ఇంట్లోని ఇద్దరు డాక్టర్లను అడిగింది. మేనమామ ఉత్తరాంధ్ర ప్రభుత్వాసుపత్రుల్లో సర్జన్‌గా పనిచేసి రిటైరయ్యారు. మేనకోడలు విశాఖలో పెథాలజిస్టు. మానని పుండ్ల ముక్కలను మైక్రోస్కోపు కింద చూడడం ఆమెకు నిత్యం ఉండే పని. దేశంలో 10 కోట్ల మందికి షుగరు ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో తేల్చింది. అందుకే వాళ్లిద్దరి మధ్య సాగిన ఈ వాదం చాలా ఇళ్లకు పనికొస్తుంది.

మేనకోడలు: మావయ్యా, ఆయన కాలు నేనూ చూశాను. చీము లేదు, వాసన లేదు, చుట్టూ వాపు లేదు. అయినా ఐదు నెలల్లో అంచు ఒక్క పిసరు ముందుకు జరగలేదు. పీఆర్‌పీ వేయాల్సింది ఇలాంటి పుండుకే. మీరేమో ఒక్క మాటతో వద్దనేశారు.

మేనమామ: ఆయన మన గుమ్మందాకా ఎలా వచ్చాడో చూశావామ్మా? నడిచి వచ్చాడు. పుండు ఉన్న చోటే బరువు మోపుతూ వచ్చాడు. నొప్పి తెలిసిన మనిషైతే కుంటుతాడు, ఈయన కుంటలేదు. అడుగు వేసిన ప్రతిసారీ నలిగిపోయే కండ మీద ఏం పోసినా నిలవదు. వద్దన్నది అందుకే.

మేనకోడలు: నడక సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు పుండు లోపల పని ఎక్కడ ఆగిపోయిందో చూడాలి కదా. మామూలు గాయమైతే మొదటి నిమిషాల్లోనే ప్లేట్‌లెట్లు చేరి రక్తాన్ని గడ్డకట్టిస్తాయి. గంటల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వచ్చి సూక్ష్మజీవుల పని పడతాయి. రెండు మూడు రోజులకు మాక్రోఫేజ్‌లు వచ్చి చచ్చినదాన్నంతా ఎత్తేసి, కొత్త కండ కట్టే కణాలను పిలుస్తాయి. ఫైబ్రోబ్లాస్టులు కొల్లాజెన్ అల్లుతాయి, సన్నటి రక్తనాళాలు పుట్టుకొస్తాయి, అంచుల నుంచి చర్మం పాకి కప్పేస్తుంది. మానని పుండు ఈ వరసలో రెండో మెట్టు దాటదు. న్యూట్రోఫిల్స్ వస్తూనే ఉంటాయి. ఎంఎంపీ-8, ఎంఎంపీ-9 లాంటి ఎంజైములు అక్కడ పేరుకుపోతాయి, వాటికి కళ్లెం వేసే ప్రొటీన్లు తగ్గిపోతాయి. కట్టిన కొల్లాజెన్‌ను కట్టినట్టే ఆ ఎంజైములు కరిగించేస్తుంటాయి.

మేనమామ: ఇంతవరకూ మనకు పేచీ లేదు.

మేనకోడలు: అంచు నుంచి తీసిన ముక్కకు రంగు వేసి చూస్తే ఆ ఆగిపోవడం కంటికి కనిపిస్తుంది మావయ్యా. పైన ఆనె కట్టిన పొర దళసరిగా ఉంటుంది. మామూలుగా ఆ పొరకు చేరేసరికి మాయమైపోవాల్సిన కణకేంద్రకాలు ఊదారంగు చుక్కల్లా ఇంకా మిగిలే ఉంటాయి. దాని కింద చర్మకణాలు గుట్టపడి, అంచు మొద్దుబారి ఉంటుంది. కణాలు పుట్టక కాదు, పుట్టినవి పుండు మీదికి కదలక. ఇక పుండు అడుగున గులాబీరంగు ఫైబ్రిన్ పొర, అందులో ఇరుక్కున్న న్యూట్రోఫిల్స్, చచ్చిన కణాల పొడి. రక్తనాళాలు తక్కువ. ఫైబ్రోబ్లాస్టుల్లో చాలావరకు విభజన మానేసిన ముసలి కణాలు. నెలల తరబడి అక్కడ సూక్ష్మజీవులు జిగురు పొర కట్టుకుని కూర్చుంటాయి. 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో మానని పుండ్లలో 60 శాతానికి ఆ పొర ఉంది, తాజా గాయాల్లో 6 శాతానికే ఉంది.

మేనమామ: సరే. పీఆర్‌పీ వేశాక ఏం చూశావు?

మేనకోడలు: పుండు దారిలో పడినప్పుడు మూడు నాలుగు వారాలకు తీసిన ముక్క వేరేగా ఉంటుంది. అడుగు నుంచి పైకి నిలువుగా లేచిన సన్నటి రక్తనాళాలు కనిపిస్తాయి. సీడీ-34 స్టెయిన్ వేస్తే వాటి గోడలు గోధుమరంగులో తేలి, లెక్కపెట్టడానికి వీలవుతుంది. వాటి మధ్య పుష్టిగా, కండె ఆకారంలో ఉన్న ఫైబ్రోబ్లాస్టులుంటాయి. లేత కొల్లాజెన్ సన్నటి పోగులుగా పడుతుంది. ముందు మూడో రకం కొల్లాజెన్, తర్వాత దాని చోట గట్టిదైన ఒకటో రకం. న్యూట్రోఫిల్స్ పలచబడతాయి. అన్నిటికంటే ముఖ్యం అంచు. మొద్దుగా ఆగిపోయిన చర్మం పలచటి నాలుకలా సాగి కొత్త కండ మీదికి వస్తుంది. ఇది చూశాక ప్లేట్‌లెట్లకు పని లేదని నేనెలా అనగలను?

మేనమామ: ప్లేట్‌లెట్లకు పని లేదని నేనూ అనను. కానీ నువ్వు చూపించిన మార్పు ప్లేట్‌లెట్లదేనని ఎలా తెలుస్తుంది? పీఆర్‌పీ వేసే రోజున ముందు ఏం చేస్తారు? ఆనె చెక్కేస్తారు, చచ్చిన కండ తీసేస్తారు, అడుగు గీకి నెత్తురు చిమ్మేదాకా శుభ్రం చేస్తారు. నెత్తురు వచ్చిందంటే ప్లేట్‌లెట్లు వాటంతటవే వచ్చినట్టే కదా. పాత పుండు ఆ క్షణానికి తాజా గాయమైపోయింది. నీ స్లైడులో కనిపించే కొత్త నాళాల్లో కత్తి తెచ్చినవెన్ని, సిరంజి తెచ్చినవెన్ని?

మేనకోడలు: అది మంచి ప్రశ్నే. కాకపోతే గీకినప్పుడు వచ్చే నెత్తురులో ప్లేట్‌లెట్లు మైక్రోలీటరుకు ఒకటిన్నర లక్షల నుంచి నాలుగు లక్షల దాకానే ఉంటాయి. పీఆర్‌పీలో ఆ లెక్క 10 లక్షలకు చేర్చాలని చూస్తాం. ప్లేట్‌లెట్ లోపల ఆల్ఫా రేణువులుంటాయి. పీడీజీఎఫ్, టీజీఎఫ్-బీటా, వీఈజీఎఫ్ లాంటి పెరుగుదల కారకాలు వాటిలో నిల్వ ఉంటాయి. ప్లేట్‌లెట్ మేలుకోగానే మొదటి గంటలోనే చాలావరకు బయటికి వస్తాయి. ఒకటి ఫైబ్రోబ్లాస్టులను రప్పిస్తుంది, ఒకటి కొల్లాజెన్ కట్టిస్తుంది, ఒకటి నాళాలను మొలిపిస్తుంది.

మేనమామ: ఎక్కువ పోస్తే ఎక్కువ మేలు అన్నది రుజువైన మాట కాదమ్మా. ల్యాబులో కణాల మీద చూస్తే ఒక స్థాయి దాటాక మేలు పెరగడం లేదు, కొన్నిటిలో తగ్గుతోంది కూడా. పైగా నువ్వే చెప్పావు, ఆ పుండు నిండా ప్రొటీన్లను కరిగించే ఎంజైములని. నువ్వు పోసిన పీడీజీఎఫ్ కూడా ప్రొటీనే. శుభ్రం చేయని పుండులో అదెంతసేపు బతుకుతుంది? మన రైతులకు తెలిసిన సంగతే ఇది. నరికిన చెరకు మళ్లీ చిగురించే కార్శి తోటలో మోళ్లను నేలమట్టానికి చెక్కితేనే భూమిలోని కన్ను నుంచి బలమైన పిలక వస్తుంది. చెక్కకుండా ఎరువు పోస్తే పిలక బలపడదు, ఎరువు దండగ.

మేనకోడలు: చెక్కాక ఎరువు వేయొద్దని ఏ రైతూ అనడు కదా మావయ్యా.

మేనమామ: అనడు. కానీ ఏది ముందో, ఏది ఎంత పని చేసిందో లెక్క తెలియాలి. 1997లో అమెరికాలో పీడీజీఎఫ్ జెల్‌కు అనుమతి వచ్చింది. బెకాప్లెర్మిన్ అంటారు. 382 మంది మీద చేసిన ప్రయోగంలో 20 వారాలకు జెల్ వాడినవాళ్లలో సగం మందికి పుండు పూర్తిగా మూసుకుంది, ఉత్త జెల్ వాడినవాళ్లలో 35 శాతానికి. మంచి ఫలితమే. దానికి ముందు అదే మందు మీద జరిగిన ప్రయోగాన్ని 1996లో మళ్లీ తిరగేసి చూశారు. ఏ ఆసుపత్రిలో చచ్చిన కండను తరచుగా తీశారో అక్కడే పుండ్లు ఎక్కువగా మానాయి. అరుదుగా తీసిన చోట మందు ఇచ్చినా ఫలితం తక్కువే.

మేనకోడలు: ఆ మందు మన దాకా కూడా వచ్చింది. హైదరాబాద్‌లో డాక్టర్ రెడ్డీస్ ఆ పీడీజీఎఫ్ జెల్‌నే ప్లెర్మిన్ పేరుతో తెచ్చింది. భారత్ బయోటెక్ ఈజీఎఫ్ అనే మరో కారకంతో రీజెన్-డి జెల్ చేసింది. షుగరు పాదం పుండ్ల మీద దాని మూడో దశ ప్రయోగ ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. అంటే పెరుగుదల కారకాలు పుండుకు మేలు చేస్తాయన్న మాట మన శాస్త్రవేత్తలూ పట్టించుకున్నదే. నా వాదనల్లా ఒక్కటే. జెల్‌లో ఒక్క కారకమే ఉంటుంది. ప్లేట్‌లెట్‌లో శరీరం తన అవసరానికి కూర్చుకున్నవన్నీ కలిసి ఉంటాయి. అదీ రోగి సొంత రక్తం. 1986లోనే అమెరికాలో నైటన్ అనే సర్జన్ 49 మంది మొండి పుండ్ల మీద ప్లేట్‌లెట్ కారకాలు వాడి చూశాడు. ఈ ఆలోచన నిన్నమొన్నటిది కాదు.

మేనమామ: ఆ 49 మందిని దేనితో పోల్చాడు? పక్కన వేరే వైద్యం పొందిన జట్టు లేదు. తర్వాత 2006లో పోల్చి చూసిన ప్రయోగం ఒకటి వచ్చింది. 72 మందిని తీసుకున్నారు. ప్రయోగం నియమాలు తప్పాయని అందులో 32 మందిని పక్కన పెట్టారు. మిగిలిన 40 మందిలో పీఆర్‌పీ జెల్ వేసిన 19 మందిలో 13 మందికి మానింది, వేయని 21 మందిలో 9 మందికి. చూడ్డానికి గొప్పగా ఉంది. 72 మందినీ లెక్కలోకి తీసుకుంటే మాత్రం రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. 2016 కాక్రేన్ సమీక్ష 10 ప్రయోగాలను, 442 మందిని కలిపి చూసి, షుగరు పాదం పుండ్లకు మేలు ఉండవచ్చునని, సాక్ష్యం మాత్రం బలహీనమని రాసింది. మిగతా రకాల మానని పుండ్ల గురించి ఏమీ తేల్చలేదు. సగం తేలిన దాని కోసం ఒక రైతు చేత అప్పు చేయించమంటావా?

మేనకోడలు: 2018లో వచ్చిన ప్రయోగాన్ని మీరు వదిలేశారు. బ్రిటన్, డెన్మార్క్, స్వీడన్‌లలో 32 క్లినిక్కులు కలిసి చేశాయి. రోగి రక్తాన్నే తిప్పి, తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ ఫైబ్రిన్ కలిసిన బిళ్లగా చేసి పుండు మీద వేశారు. ముందుగా నాలుగు వారాలు అందరికీ మంచి వైద్యం చేశారు. ఆ నాలుగు వారాల్లో సగానికి పైగా తగ్గిన పుండ్లను తీసేశారు. అప్పటికీ మొండికేసిన వాటినే రెండు జట్లుగా విడదీశారు. 20 వారాలకు బిళ్ల వేసినవాళ్లలో 34 శాతానికి మానింది, వేయనివాళ్లలో 22 శాతానికి. విడదీసిన వాళ్లలో దాదాపు అందరినీ లెక్కలోకి తీసుకున్నారు. పుండు మానిందో లేదో చూసినవాళ్లకు ఎవరికి ఏ వైద్యం చేశారో తెలియనివ్వలేదు.

మేనమామ: ఆ ప్రయోగాన్ని నేను గౌరవిస్తాను. షుగరు పాదం మీద అంతర్జాతీయ మార్గదర్శకాలు రాసేవాళ్లు కూడా గౌరవించారు. ఆ బిళ్లను ఆలోచించవచ్చన్నారు, మామూలు పీఆర్‌పీని మాత్రం సిఫారసు చేయలేదు. లెక్క కూడా చూడు. వందకు 12 మంది తేడా. ఎనిమిది మందికి వేస్తే వాళ్లలో ఒక్కరికి అదనంగా మానుతుంది. మూడింట రెండొంతుల మందికి 20 వారాలైనా మానలేదు.

మేనకోడలు: ఆ ఒక్కరు ఈ రైతే కావచ్చు కదా.

మేనమామ: కావచ్చు. ఇప్పుడు నా లెక్క విను. 2001లో అమెరికాలో 63 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు మోకాలి కింది నుంచి పాదం అంతా అంటిపెట్టుకునే ప్లాస్టర్ కట్టు, ఒక జట్టుకు విప్పడానికి వీలైన బూటు, ఒక జట్టుకు మడమ మీద నడిచే సగం చెప్పు. 12 వారాలకు ప్లాస్టర్ వేసినవాళ్లలో దాదాపు 90 శాతానికి మానింది, బూటులో 65 శాతానికి, సగం చెప్పులో 58 శాతానికి. ఆ పుండ్లు, నువ్వు చెప్పిన మొండి పుండ్లు ఒకటి కావు, ఆ మాట నేనే చెప్తున్నాను. అయినా ఒక్క చుక్క రక్తం తీయకుండా, బరువు తప్పించడం ఒక్కదాంతో వచ్చిన ఫలితం అది. విప్పే బూటు ఇస్తే రోగులు రోజు మొత్తం వేసే అడుగుల్లో 28 శాతానికే దాన్ని తొడుక్కున్నారని తర్వాత కొలిచి చూశారు. బూటుకూ ప్లాస్టర్‌కూ ఫలితంలో తేడా అక్కడే ఉంది.

మేనకోడలు: ప్లాస్టర్ మన ఊళ్లో ఎవరు వేస్తున్నారు మావయ్యా? కాలు విరిగితే వేస్తారు. పుండు మీద ప్లాస్టరా అని డాక్టర్లే భయపడుతున్నారు.

మేనమామ: అదే నా బాధ. ఆ విద్య ఈ నేల మీదే పెరిగింది. 1930ల్లో మద్రాసులో జోసెఫ్ ఖాన్ అనే డాక్టరు కుష్ఠు రోగుల అరికాలి పుండ్లకు ప్లాస్టర్ వేసి నడిపించాడు. అప్పటికి మన జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే. తర్వాత వెల్లూరులో చాలా ఏళ్లు పనిచేసిన పాల్ బ్రాండ్ ఆ పద్ధతిని అమెరికాకు తీసుకెళ్లాడు. అక్కడి షుగరు డాక్టర్లు దాన్ని నేర్చుకుని శాస్త్రం చేశారు. కుష్ఠులోనూ షుగరులోనూ జరిగేది ఒకటే, స్పర్శ పోతుంది, నొప్పి హెచ్చరించదు, మనిషి పుండు మీదే నడుస్తాడు. నేను సాలూరు కుష్ఠు ఆసుపత్రిలో చూసి నేర్చుకున్నాను. వాళ్ల పుండ్లు మొండివి కావు, బరువు తప్పిస్తే మానేవి. మనం దాన్ని వదిలేసి రక్తం తిప్పే సెంట్రిఫ్యూజు కొంటున్నాం.

మేనకోడలు: ఇక్కడ మాత్రం మీతో ఏకీభవించలేను. ఆయన ఇంట్లో ఆయనొక్కడే సంపాదించేది. చెరకు నరికేది, బండికెత్తేది, గానుగ దగ్గర నిలబడేది ఆయనే. బెల్లం వండే రోజుల్లో పన్నెండు వారాలు కాలికి ప్లాస్టర్ వేసుకుని కూర్చోమంటే ఇల్లు ఎలా గడుస్తుంది? వానాకాలమైతే మడిలో తడిస్తే ఆ ప్లాస్టర్ ఏమవుతుంది? మీ ప్రయోగంలో ఉన్నవాళ్లు చెరకు రైతులు కారు. వారానికోసారి వచ్చి అరగంటలో చేయించుకుని వెళ్లే వైద్యం ఆయన బతుక్కు కుదురుతుంది. కుదిరే వైద్యాన్ని మెరుగుపరచాలి గానీ, కుదరని దాన్ని పట్టుకుని కూర్చుంటే ఆయన దేనికీ రాడు.

మేనమామ: కుదరడం నాకూ ముఖ్యమే. కానీ పాదం కింది ఒత్తిడికి మన కష్టసుఖాలు తెలియవు తల్లీ. నువ్వు చూపించావే, నిలువుగా లేచిన సన్నటి నాళాలని, అవి ఒక్క పొర కణాల గోడలు. రోజూ వేల అడుగులు వాటి మీద పడితే నలుగుతాయి, రక్తం చిమ్ముతుంది, మళ్లీ వాపు, మళ్లీ న్యూట్రోఫిల్స్. వారానికోసారి నువ్వు మొదలుపెట్టించిన దాన్ని ఆయన కాలే ఏడు రోజులూ చెరుపుతుంది. ప్లాస్టర్ కుదరకపోతే మందమైన ఫెల్టు ముక్కకు పుండు ఉన్న చోట రంధ్రం చేసి పాదానికి అంటించవచ్చు, మడమ మీద బరువు పడే చెప్పు కుట్టించవచ్చు, పొలం పనికి నెల రోజులు బావమరిదిని పెట్టుకోవచ్చు. ఆ మాటలు ఎవరూ ఆయనతో కూర్చుని మాట్లాడలేదు. ఐదు నెలలుగా అందరూ కట్టు మార్చారు, కాలి మీద బరువు మాత్రం ఎవరూ మార్చలేదు.

మేనకోడలు: అది నిజమే. ఐదు నెలల చీటీలన్నీ నేనూ చూశాను. యాంటీబయాటిక్ మారింది, ఆయింట్‌మెంట్ మారింది, చెప్పు గురించి ఒక్క ముక్క రాసి లేదు.

మేనమామ: రక్తప్రసరణ గురించి?

మేనకోడలు: అదీ లేదు. పాదం మీద నాడి నేను చూశాను, అందుతోంది. షుగరు ఉన్నవాళ్లలో నాళాల గోడలు సున్నం పట్టి గట్టిపడతాయి కాబట్టి చీలమండ దగ్గర బీపీ కొలత కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. రక్తం పారడం చూపే డాప్లర్ పరీక్ష చేయించాలి. రక్తమే అందని పాదానికి ప్లేట్‌లెట్లు వేస్తే నాళాలు ఎక్కడి నుంచి మొలుస్తాయి? ఆ మాట నేను ముందే చెప్పాల్సింది. ఇంకొకటి, నా వైపు నుంచి నేను పట్టుబట్టేది బయాప్సీ. ఏళ్ల తరబడి ఉన్న పుండులో క్యాన్సర్ పుట్టవచ్చు. అలాంటి అంచు పైకి లేచి, ఎర్రగా, కండ పెరిగినట్టే కనిపిస్తుంది. దాన్ని చూసి పుండు బాగుపడుతోందని సంతోషించి పెరుగుదల కారకాలు పోస్తే జరగకూడనిది జరుగుతుంది. బెకాప్లెర్మిన్ మీద 2008లో క్యాన్సర్ హెచ్చరిక పెట్టి, మరింత సమాచారం వచ్చాక 2018లో తీసేశారు. హెచ్చరిక తీసేసినా జాగ్రత్త తీసేయకూడదు. ముక్క చూడకుండా పాత పుండు మీద నేను పీఆర్‌పీ వేయనివ్వను.

మేనమామ: ఆ మాట మీద నీకు దణ్ణం పెడతాను. ఇప్పుడు తయారీ సంగతి చెప్పు. ఎవరి దగ్గర చేయిస్తావు? ఎలా చేస్తారో ఎవరు చూస్తారు?

మేనకోడలు: చేయి నుంచి 20 మిల్లీలీటర్ల రక్తం తీసి సిట్రేట్ ఉన్న గొట్టాల్లో పోస్తాం. మొదట మెల్లగా తిప్పితే అడుగున ఎర్రకణాలు, పైన లేత పసుపు ప్లాస్మా, మధ్యలో కాగితమంత పలచగా తెల్లటి పొర వస్తుంది. ఆ పొర తెగకుండా పైది తీసుకుని ఇంకో గొట్టంలో వేగంగా తిప్పితే ప్లేట్‌లెట్లు అడుగున చిన్న గుండీలా చేరతాయి. పైన ఉన్న ప్లాస్మాలో ఎక్కువ భాగం తీసేసి, మిగిలిన దాంట్లో ఆ గుండీని మెల్లగా కలుపుతాం. కాల్షియం క్లోరైడ్ చేరిస్తే నిమిషాల్లో జెల్ అవుతుంది. సరిగ్గా చేస్తే ఇంతే. సరిగ్గా చేయకపోతే వేగం ఎక్కువై ప్లేట్‌లెట్లు గొట్టంలోనే పగిలిపోతాయి, లేదా వేగం చాలక రక్తంలో ఉన్నన్నే పుండు మీదికి వెళ్తాయి. పుండు మీద పడే దాంట్లో ప్లేట్‌లెట్లెన్నో లెక్కపెట్టకుండా వేస్తున్నవాళ్లే ఎక్కువ. ఇందులో మీ విమర్శ నాకు తగిలిందనే ఒప్పుకుంటాను. ఒకరు చేసిన పీఆర్‌పీ ఇంకొకరు చేసిన దానిలా ఉండదు. తెల్లకణాలు ఎక్కువ పడితే న్యూట్రోఫిల్స్‌నే మళ్లీ పుండులోకి పంపినట్టవుతుంది.

మేనమామ: గొట్టాలు తారుమారైతే?

మేనకోడలు: అది ప్రాణాల మీదికి వస్తుంది. 2018లో అమెరికాలోని న్యూ మెక్సికోలో ముఖం అందం కోసం పీఆర్‌పీ చేయించుకున్నవాళ్లకు హెచ్‌ఐవీ సోకిన సంగతి బయటపడింది. ఒకరికి వాడిన సామాను ఇంకొకరికి వాడిన చోట సొంత రక్తమన్న మాటకు అర్థం లేదు. అందుకే పేరు రాసిన గొట్టం, కొత్త సూది, ఒకసారికి ఒక్క రోగే అన్న నియమం ఉండాలి.

మేనమామ: ఇన్ని జాగ్రత్తలు తీసుకుని చేస్తే నా అభ్యంతరం సగం తగ్గినట్టే. మిగిలిన సగం అసలైనది. మీరు పుండు ఎర్రబడగానే విజయం అంటారు. ఫొటో తీస్తారు, రోగికి చూపిస్తారు, ఇంకో నాలుగు సార్లకు డబ్బు కట్టమంటారు. ఎర్రటి కండ పెరగడం దారిలో ఒక మజిలీ. అంచుల నుంచి చర్మం రాకపోతే ఆ కండ అలాగే నెలలు ఉండి, మళ్లీ పాలిపోతుంది.

మేనకోడలు: నాకు ఎర్రదనం సాక్ష్యమే మావయ్యా, ఆగిపోయింది కదిలిందన్న సాక్ష్యం. దాన్ని మీరు లెక్కలోకే తీసుకోవడం లేదు. ఐదు నెలల తర్వాత ఒక మనిషి తన పుండులో మార్పు చూస్తే, అప్పుడు చెప్పు వేసుకోమన్నా, మడమ మీద నడవమన్నా వింటాడు. మార్పే లేనప్పుడు ఏ సలహా అయినా ఎందుకు వినాలి?

మేనమామ: వినడం కోసం రక్తం తీయడం నాకు నచ్చదు. నా దృష్టిలో మానడం అంటే చర్మం పూర్తిగా కప్పాలి, రసి ఊరకూడదు, రెండు వారాల తర్వాత మళ్లీ చూసినా అలాగే ఉండాలి. అమెరికా ఎఫ్‌డీఏ కూడా మందులకు ఆ కొలతే పెట్టింది. అక్కడితో పని అయిపోదు. కొత్తగా కప్పిన చోట మచ్చకు మూడు వారాలకు మామూలు చర్మంలో ఐదో వంతు బలమే ఉంటుంది. ఏడాది పోయినా 80 శాతం దాటదు. అదే చెప్పుతో అదే మడిలో అడుగుపెడితే మళ్లీ విచ్చుకుంటుంది. మానిన షుగరు పాదం పుండ్లలో 40 శాతం ఏడాదిలోపే తిరగబెడతాయి. నీ స్లైడులో కొల్లాజెన్ పోగులు చర్మం పైభాగానికి సమాంతరంగా సర్దుకునేదాకా ఆ కాలిని కాపాడాలి. దానికి పీఆర్‌పీ చేసేదేమీ లేదు.

మేనకోడలు: మానాక కాపాడే పని చెప్పుది, మీ మాటే నా మాట. మానకముందు కదిలించే పని గురించే నా పట్టుదల. అయితే ఒక పద్ధతి చెప్తాను, ఒప్పుకుంటారో లేదో చూడండి. నిన్న నేను వెంటనే వేద్దామన్నాను, అది వదులుకుంటున్నాను. డాప్లర్, బయాప్సీ ఈ వారమే అవుతాయి. ఆనె చెక్కి, చచ్చిన కండ తీసే పని వారం వారం మీరు చేయండి. ఫెల్టు, చెప్పు మీరే చూడండి. షుగరు, తిండి సంగతి ఆయన డాక్టరు చూస్తారు. పుండు పొడవు, వెడల్పు కొలిచి రాస్తాం. నాలుగు వారాల్లో సగానికి తగ్గితే పీఆర్‌పీ మాటే ఎత్తను. నాలుగు వారాల్లో సగానికి తగ్గిన పుండ్లలో 58 శాతం 12 వారాలకు మానాయని, తగ్గనివాటిలో 9 శాతమే మానాయని 2003లో వచ్చిన అధ్యయనం చెప్పింది. అంటే తగ్గకపోతే, మీ పద్ధతి ఒక్కటే చాలదని పుండే చెప్పినట్టు.

మేనమామ: తగ్గకపోతే నువ్వు వేయి. నేను అడ్డు రాను. షరతులు మాత్రం రాసుకో. వేసే ప్రతిసారీ ప్లేట్‌లెట్ల లెక్క చీటీ మీద ఉండాలి. బరువు తప్పించడం, చచ్చిన కండ తీయడం ఆగకూడదు. ఎన్నిసార్లు వేస్తారో ముందే చెప్పాలి, ఎప్పుడు ఆపేస్తారో కూడా ముందే చెప్పాలి. ఎర్రబడిందని డబ్బు అడగకూడదు. బిళ్ల ప్రయోగంలోనైనా ఎనిమిది మందిలో ఒకరికే అదనంగా మేలన్న మాట ఆయనకు తెలుగులో, అర్థమయ్యేలా చెప్పాకే రక్తం తీయాలి.

మేనకోడలు: రాసుకున్నాను. ఆ కుటుంబానికి కూడా ఇవే చెప్తాను. పీఆర్‌పీ వేస్తామని ఎవరు పిలిచినా నాలుగు ప్రశ్నలు అడగమంటాను. కాలికి రక్తం అందుతోందా అని చూశారా? ముక్క తీసి క్యాన్సర్ కాదని తేల్చారా? పుండు మీద బరువు పడకుండా ఏం చేశారు? మీరు వేసే దాంట్లో ప్లేట్‌లెట్లెన్ని? వీటిలో ఏ ఒక్కదానికి జవాబు లేకపోయినా అక్కడ చేయించుకోవద్దంటాను. మీరు కూడా నాకొక మాట ఇవ్వాలి. నాలుగు వారాలు అయ్యాక పుండు సగానికి తగ్గకపోతే, ఇంకో నెల చూద్దాం అనకూడదు. చూద్దాం చూద్దాం అంటూనే ఈ ఐదు నెలలు పోయాయి.

మేనమామ: అనను. ఆ రోజు కొలత టేపు నువ్వే పట్టుకో. తగ్గలేదని తేలితే ఆయన చేయి నేనే పట్టుకుంటాను, రక్తం నువ్వు తీయి. కానీ ఆయన ఆ రోజు కూడా పుండు మీద నడుచుకుంటూ వస్తే మాత్రం, ముందు చెప్పు సంగతి తేల్చాకే సూది బయటికి తీద్దాం.